వదులైన మరలు

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఉదయం నుంచి పట్టిన సన్నజల్లు రెండున్నరకు ఆగింది. కిటికీ అద్దాల మీద తడి ఇంకా ఆరలేదు.

టైపిస్టు బల్ల మీది మానిటర్ మిణుకుమిణుకుమంటోంది. ఒక వరుస కుదురుకునేలోగా మరో వరుస మాయమవుతోంది. నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చిన మెకానిక్ ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు. పదమూడేళ్లుగా కాంట్రాక్టు మీద ఈ మెట్లెక్కుతున్న మోకాళ్లవి.

"జాబితా ఎంతవరకు వచ్చిందక్కా?"

"సగం. ఐదింటిలోగా సంతకం పడాలి. లేదంటే ఈ ఏటికి చెల్లదట."

ఆ సంగతి అతనికీ తెలుసు. ఈసారి కొందరు కాంట్రాక్టువాళ్లను పర్మినెంటు చేస్తారని మూడు నెలలుగా భవనమంతా ఒకటే గుసగుస. జాబితా చూసినవాళ్లు ఇద్దరే: అధికారి, టైపిస్టు. బయటికి పొక్కనివ్వనని ఆమె చేత కాగితం రాయించుకున్నారు కూడా.

తెరిచి ఉన్న అధికారి గది తలుపు వైపు చూసి, మెకానిక్ గొంతు తగ్గించాడు. "నా పేరుందా?"

ఆమె చూపు మిణుకుతున్న తెర మీదికి తిప్పుకుంది.

"ఉంది."

అతను లేచాడు. కరెంటు తీగ మార్చాడు, మిణుకు పోలేదు. స్టోరు నుంచి మరో మానిటర్ మోసుకొచ్చి తగిలించాడు, అదీ మిణుకుమంది. అంటే తప్పు తెరది కాదు. బల్ల కింది పలక మీద, ఆమె మోకాలి పక్కనే ఉన్న కంప్యూటర్ పెట్టె వెనక చెయ్యి పెట్టి తడిమాడు. కేబుల్‌ను పట్టి ఉంచే రెండు మరలూ వదులుగా తగిలాయి. వేళ్లతో బిగించాడు. తెర నిలిచింది.

నాలుగుంబావుకు మళ్లీ పిలుపు. అవే మరలు, మళ్లీ వదులు.

కారణం లేకుండా ఏ మరా వదులు కాదు. బల్ల మీద ప్రింటరుంది. అది కాగితం లాగినప్పుడల్లా బల్లంతా అదురుతుంది. దాని పనేనని తేల్చుకున్నాడు.

"ఇది బాగవదని రాసిచ్చెయ్, తమ్ముడూ," అందామె మెల్లగా. "రేపు చూసుకుందాం."

"రేపా? మన నోట్లో మనమే మట్టి కొట్టుకోమంటావా?"

"ఇంటికెళ్లి పడుకో. ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో."

"ఇవాళ్టి నుంచి హాయిగా పడుకుంటాలే. పొద్దునే చెప్పేశా నీ మరదలికి, సాయంత్రానికి తేలిపోతుందని."

మరలను పటకారుతో బిగించి, వాటి చుట్టూ ప్లాస్టిక్ పట్టీ లాగి కట్టాడు. "ఇక చేత్తో ఊడదు. కొట్టక్కా, నేనిక్కడే నిలబడతా."

ఆమె తన వేళ్ల వైపు చూసుకుంది. లోపలి నుంచి "ఇంకా అవలేదా?" అని అధికారి కేకేశాడు. ఆమె కళ్లజోడు తుడిచి పెట్టుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

ఒక్క అక్షరం కూడా వణకలేదు. నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకు కాగితం మీద సంతకం పడింది. మెకానిక్ సంచి భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు.

ఆ కాగితంతో ఉద్యోగాలు పోయిన నలభై ఒక్కమందిలో, తొమ్మిదేళ్ల తర్వాత కూడా నెలజీతం ముఖం చూడనివాడు మెకానిక్ ఒక్కడే.