యేర్సన్ బిగించిన మర

"మైకు స్టాండు మర ముట్టుకోకమ్మా. అది యేర్సన్ తన ఎత్తుకు బిగించింది," అన్నాడు కాఫీ హోటల్ నడిపే ఎవెలియో.

మాయెర్లీ చెయ్యి వెనక్కి తీసుకుని, మునివేళ్ల మీద లేచింది. అయినా మైకు ఆ పిల్ల నుదుటి దగ్గరే ఉంది.

మెదెయీన్ నగరపు కొండవాడ మెట్ల మీద యేర్సన్‌ను కాల్చి చంపినప్పటి నుంచి, ప్రతి శుక్రవారం పాడే పిల్లలంతా అలాగే మెడలు సాచి పాడుతున్నారు. మైకు ముందు వాడింకా నిలబడే ఉన్నట్టుంటుంది వాడి తల్లి నూబియాకు.

ఆమె కప్పు పక్కన పెట్టి, లేచి వెళ్లి మర తిప్పింది. అది కదల్లేదు.

"ఏం బలంరా నాయనా," అని గొణిగింది. "నువ్వూ ఒక చెయ్యి వెయ్యి, పాపా."

మర కిర్రుమంది. మైకు మాయెర్లీ నోటి దగ్గరికి దిగింది.

"పాడి, మా ఇంటికి రా. కాఫీపొడి సీసా మూత కూడా వాడు బిగించిందే. అందుకే ఏడాదిగా ఇక్కడ తాగుతున్నాను."