ఏసీ ఆరిన అరగంట

కాలింగ్ బెల్ మోగేసరికి జగదీశ్వరి చేతిలో సగం మడిచిన చీర ఉంది.

తలుపు తీస్తే నలభై ఏళ్ల మనిషి. చెప్పులు గుమ్మం బయటే విడిచి నిలబడ్డాడు.

"రెండొందల మూడు ఇదేనామ్మా?"

"ఇదే. ఏటి బాబూ, పదింటికి రమ్మంటే పన్నెండింటికా రావడం? నాలుగింటికి నా రైలు!"

"అది కాదమ్మా, నాను..."

"సాకులు తర్వాత చెబుదువు గాని, ముందు లోపలికి రా. ఏసీ ఆ గదిలో ఉంది. పన్నెండు రోజులు ఊళ్ళో ఉండను. శుభ్రం చేసి కట్టేసి వెళ్ళు."

అతను తటపటాయించాడు. ఆవిడ మొహం చూశాడు. హాల్లో నోరు తెరుచుకుని పడున్న సూట్‌కేసు చూశాడు.

"సరేనమ్మా" అన్నాడు.

తీరా చూస్తే చేతిలో ఒక్క స్క్రూడ్రైవరైనా లేదు.

"బాగుంది వరస! ఉత్త చేతులు ఊపుకుంటూ వచ్చావా?"

విసుక్కుంటూనే మేస్టారి సామాన్ల డబ్బా తెచ్చిచ్చింది. ఆవిడ భర్త మోహనకృష్ణ మేస్టారు పోయి ఏడాది. ఆ డబ్బా మూత తీసిన నాథుడు లేడు.

పని మాత్రం తెలిసినవాడే. ఫిల్టర్లు ఊడదీసి కుళాయి కింద కడిగాడు. జగదీశ్వరి వాటిని బాల్కనీ ఎండలో పెట్టబోతే వారించాడు.

"ఎండలో వద్దమ్మా, వంకర్లు పోతాయి. నీడనే ఆరాల."

నీళ్ళు కారే గొట్టం మూతికి దోమతెర ముక్క చుట్టి దారంతో బిగించాడు.

"మనుషులు లేనప్పుడు బల్లులు దూరిపోతాయమ్మా."

ఫిల్టర్లు ఆరాక బిగించి, ఏసీ వేసి, రిమోట్ నొక్కాడు.

"ఇప్పుడో అరగంట ఉత్త ఫ్యానే తిరగాల. లోపల తడి ఆరకుండా కట్టేస్తే, మీరొచ్చేసరికి బూజు కంపు కొడతాది."

అరగంట. ఇంట్లో ఇద్దరు మనుషులు, చేయడానికి పని లేదు. అతను స్టూలు అంచున కూర్చున్నాడు.

"మీరూ కూసోండమ్మా. ఒక మాట సెప్పాల."

జగదీశ్వరికి నవ్వొచ్చింది.

"గ్యాస్ పోయిందనేగా? ఏ మెకానిక్ వచ్చినా అదే పాట. ఏసీని చూడకుండానే గ్యాస్ పోయిందంటారు."

"గ్యాస్ బాగానే ఉన్నాదమ్మా."

"హమ్మయ్య, బతికించావు! దానికేమైనా అయితే నేనేమైపోతానో. చలికాలంలో కూడా అది వేసుకునే పడుకుంటాను బాబూ. చల్లదనానికి కాదు. ఇంట్లో ఏదో ఒకటి రొద పెడుతూ ఉండాలిగా."

అతను తల వంచుకున్నాడు. మాట్లాడేవాళ్ళు దొరికితే జగదీశ్వరి నోరు ఆగదు. పాపం, దొరక్క కదా!

"మా చెల్లెలు పోరగా పోరగా కేరళ టూరుకి ఒప్పుకున్నాను. ఆయన పోయాక గడప దాటడం ఇదే. ఇప్పటికీ కాళ్ళు ఆడటం లేదు. ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, టిక్కెట్టు చింపేసి ఇంట్లో కూర్చుంటాను."

అతను గుమ్మంలోంచి హాల్లోని సూట్‌కేసు కేసి మళ్ళీ చూశాడు.

"ఎల్లి రండమ్మా" అన్నాడు చివరికి. "మంచిది."

"ఏదో మాటన్నావు?"

"మీరొచ్చాక సెప్తాను."

అరగంట అయింది. ఏసీ కట్టేసి, గోడ మీద దాని మెయిన్ స్విచ్ దించి, రిమోట్‌లో బ్యాటరీలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. జగదీశ్వరి గబగబా తాళం వేసుకుని బయటపడింది.

రైలెక్కాక కిటికీ పక్కన సీటు దొరికింది. పక్క సీటు ఖాళీ. అది చూడగానే మళ్ళీ ఆ సంగతే గుర్తొచ్చింది. అసలు మరచిపోతే కదా!

మేస్టారు టెక్కలి నుంచి వస్తూ బస్సులో గుండె పట్టుకుని ఒరిగిపోయారు. పక్క సీటాయనెవరో ఆస్పత్రికి తెచ్చాడనీ, దారిలో మేస్టారు ఆయనతో ఏదో చెప్పారనీ నర్సు అంది. జగదీశ్వరి చేరేసరికి మేస్టారూ లేరు, ఆ మనిషీ లేడు. బస్టాండులో కనిపించిన కండక్టరునల్లా అడిగింది. ఎవరికీ తెలీదు. ముప్పై నాలుగేళ్ళ కాపురం, ఆఖరి మాట మాత్రం ఎవరో పరాయివాడి పాలైంది. అది తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ముద్ద దిగదు.

రైలు విజయనగరం దాటుతుండగా ఫోను మోగింది.

"మేడం, నాను గోవింద్‌ని, ఏసీ మెకానిక్‌ని. ఏటనుకోకండి, బండి పంచరైపోనాది. ఇప్పుడొస్తే మీ ఇంటికి తాళం ఉంది."

"మధ్యాహ్నం నీ మనిషి వచ్చి చేసి వెళ్ళాడుగా?"

"నాకు మనుషులెవలున్నారు మేడం? నానొక్కడినే."

జగదీశ్వరి సీట్లోంచి లేచి నిలబడింది. బీరువా, తాళంచెవులు కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

"వాచ్‌మన్ అసిరయ్యకి ఫోనియ్యి! ... అసిరయ్యా, మధ్యాహ్నం ఎవర్ని పంపావు పైకి? దొంగవెధవో ఎవడో చూసుకోవద్దూ?"

"అంత మాటనకండమ్మా! ఆ బాబు గుజరాత్‌ల ఐసు ఫ్యాక్టరీల పని సేస్తాడంట. సెలవుకొచ్చి, మీ ఇల్లు ఎతుక్కుంటూ వచ్చినాడు. కిందకి దిగి నా కాడ సేనాసేపు కూకున్నాడు. కళ్ళంట నీళ్ళు."

"ఎందుకు?"

"‘అమ్మ ఇన్నాళ్ళకి గడప దాటతన్నాది, ఇప్పుడు సెప్తే ఆగిపోతాది’ అన్నాడు. అట్నుంచటే రైలుకి ఎల్లిపోనాడు."

"ఏం చెప్పాలట? పేరేంటి? నెంబరు తీసుకున్నావా?"

"నేదమ్మా. ఆ మాట మీకే సెప్పాలన్నాడు" అన్నాడు అసిరయ్య. "ఆ దినం బస్సుల మేస్టారి పక్క సీటుల కూకున్నది తనేనంట."