మూడో వరసలో ఆవిడ

“ఆ కుర్రాణ్ణి ఇచ్చేయకు బాబూ.”

వారెన్ హాల్వర్‌సన్ ఉలిక్కిపడి పక్కకు తిరిగాడు.

పక్క సీట్లో డెబ్భై ఏళ్ళావిడ. ఒళ్ళో పొద్దుతిరుగుడు గింజల పొట్లం. ఒక్కొక్కటే కొరికి, తొక్కలు కాగితం కప్పులోకి ఉమ్ముతోంది.

వారెన్ అంటే హెరన్స్ బేస్‌బాల్ జట్టుకు ఆటగాళ్ళను తెచ్చే, తీసేసే పెద్దమనిషి. నాలుగేళ్ళుగా ఆ జట్టు అట్టడుగునే ఉంది. ఈసారి కూడా లేవకపోతే నీ ఉద్యోగం ఊడుతుందని ఓనరు మొహం మీదే చెప్పేశాడు.

అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం క్లేటన్ అనే ఈ చిన్న ఊరికి వచ్చాడు. హెరన్స్‌లోకి వెళ్ళాలంటే ఏ కుర్రాడైనా ముందు ఈ ఊరి చిన్న జట్టులో ఆడి రాటుదేలాల్సిందే. వాళ్ళలో ఎవర్ని ఉంచుకోవాలో, ఎవర్ని వేరే జట్టుకు ఇచ్చేసి బదులుగా పేరున్నవాణ్ణి తెచ్చుకోవాలో తేల్చుకుందామని అతని ఆలోచన.

“ఏ కుర్రాణ్ణి?” అన్నాడు ఏమీ తెలియనట్టు.

“ఎలీసియోని. గంట నుంచీ నీ చూపంతా వాడి మీదే ఉందిగా.”

మైదానంలో ఎలీసియో మూడోసారి బ్యాట్ ఊపాడు. ఈసారీ బంతి తగల్లేదు. ఔటై, తల వంచుకుని వెనక్కి వచ్చేస్తున్నాడు.

“చూశారుగా!” అన్నాడు వారెన్. “ప్రాక్టీసులో ఉతికేస్తాడు, మ్యాచ్‌లో నిద్రపోతాడు. ఒళ్ళంతా బద్ధకం.”

“బద్ధకం కాదు. కళ్ళు సరిగ్గా కనపడవు వాడికి.”

వారెన్ నవ్వేశాడు. “మీరేమన్నా కళ్ళ డాక్టరా?”

“కాదు బాబూ. స్కూల్లో వంటమనిషిని. రిటైరయ్యాను.”

“ప్రతి మార్చిలోనూ పరీక్షలు చేయిస్తాం. చార్టులో అక్షరాలన్నీ గడగడా చదివేశాడు.”

“అదే నేననేదీ! ఇంగ్లీషులో తన పేరు స్పెల్లింగ్ చెప్పడానికే తడుముకునేవాడు, గడగడా ఎలా చదివాడంటావ్?”

ఆ ప్రశ్న వారెన్ తలకెక్కలేదు. ఆవిడ మెడలో వేలాడుతున్న ఉచిత పాసు మాత్రం కనిపించింది. టికెట్టు కొనకుండా వచ్చేవాళ్ళకే నోరెక్కువ అనుకున్నాడు.

ఆవిడ ఆగలేదు.

“నీ జట్టు ఎందుకిలా అయిందో చెప్పనా? ముప్ఫై అయిదు దాటినవాళ్ళను తెస్తావ్. వాళ్ళొచ్చి మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటారు. వాళ్ళ కోసం ఇక్కడి పిల్లల్ని ఇచ్చేస్తావ్. ఆ పిల్లలే పెద్దయి నిన్ను చితక్కొడతారు. ఇంకో రెండేళ్ళు ఓడిపోతే ఓడిపో. ఆ క్యాచర్‌ని, ఆ పొడుగాటి ఎడంచేతివాణ్ణి, ఎలీసియోని కదపకు. మూడో ఏడు చూడు నీ జట్టుని!”

“రెండేళ్ళా? నన్ను రెండు నెలలు ఉంచితే గొప్ప!”

“దానికి వాడి బతుకు నాశనం చేస్తావా? అవతలి జట్టులోనూ ఇలాగే ఆడితే వాడి దేశం డొమినికన్‌కి విమానం ఎక్కించేస్తారు. మళ్ళీ చెరుకు నరుక్కోవాల్సిందే. పొద్దున్నే నేను వాణ్ణి చూస్తూ...”

“చూడమ్మా,” వారెన్ విసుగ్గా లేచాడు. “ఈ దేశంలో ప్రతివాళ్ళూ నాకు జట్టు నడపడం నేర్పేవాళ్ళే. మీరు గింజలు తినండి. మిగతాది మేం చూసుకుంటాం.”

ఆవిడ మొహం చిన్నబోయింది. అతను ఆ చివర ఇంకో సీటు చూసుకున్నాడు.

మర్నాడే ఎలీసియోని పడమటి తీరం జట్టుకు ఇచ్చేశాడు. బదులుగా వచ్చిన ముప్ఫై ఆరేళ్ళ మొనగాడు నెల తిరక్కుండా మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఓనరు పళ్ళు నూరి, ఇంకొక్క ఏడాది చూస్తానన్నాడు.

మరుసటి ఏడాది పడమటి తీరం జట్టు హెరన్స్ మీద ఆడ్డానికి వచ్చింది. ఎలీసియో మొహాన దళసరి కళ్ళద్దాలు! వచ్చిన బంతినల్లా ఉతికి ఆరేశాడు. మూడు రోజుల్లో నాలుగుసార్లు బంతిని కంచె దాటించి హోమ్ రన్లు కొట్టాడు.

వారెన్ ఉండబట్టలేక అతని దగ్గరికి వెళ్ళాడు.

“కళ్ళు బాగోలేవని మాకెందుకు చెప్పలేదురా?”

“ఇంటికి పంపేస్తారని భయం సార్. నాకు చార్టు కనపడితేగా! వరసలో నాకంటే ముందున్నవాళ్ళు చదివింది విని బట్టీపట్టి అప్పజెప్పాను. మీరు ఇచ్చేశాక ఇంక దాచి ఏం లాభమని, కొత్త జట్టులో మొదటి రోజే చెప్పేశాను.”

ఆవిడ అడిగిన ప్రశ్న వారెన్‌కి ఇప్పుడర్థమైంది.

ఆ వారమే అతని ఉద్యోగం ఊడింది. పెట్టె సర్దుకుని తిన్నగా క్లేటన్ వెళ్ళాడు. ఆవిడ కాళ్ళ మీద పడైనా క్షమించమని అడగాలనుకున్నాడు. కనీసం పేరైనా అడగలేదని దారిలో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

మూడో వరసలో ఆ సీటు ఖాళీ.

టికెట్ల గదిలో ఉండే ముసలి గస్‌ని అడిగాడు. “ఇక్కడ ఒక పెద్దావిడ కూర్చునేది. గింజలు తింటూ, జట్టుని ఎలా బాగుచేయాలో చెప్పేది.”

“డొలోరెస్ వానెక్కా? అయ్యో, ఫిబ్రవరిలో పోయింది సార్. గుండెపోటు.”

ఆ ఆదివారమే అడగాల్సిన మాట వారెన్ ఇప్పుడడిగాడు.

“ఎలీసియో సంగతులు ఆవిడకెలా తెలుసు?”

గస్ అతని వంక వింతగా చూశాడు.

“అదేంటి సార్, ఏ కుర్రాడు ఈ ఊళ్ళో ఎవరింట్లో ఉండాలో మీరు సంతకం పెట్టి పంపిన కాగితం ప్రకారమేగా, వాడూ, వాడికి ముందు ముప్ఫై మందీ ఆవిడ ఇంట్లో ఉండి, ఆవిడ వండిపెట్టింది తిని పెరిగారు!”