మూడు ఆదివారాల ప్రకటన

చర్చి వెనక గదిలో పిల్ల తండ్రి ఫాదర్ గొంతు పట్టుకుని, తల గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి, బల్ల మీద తెరిచున్న పెళ్లిళ్ల రిజిస్టరులో రక్తం పడింది.

"నా కూతురికి నువ్వే పెళ్లి చేశావా?"

"చేశాను. మీ రెండిళ్ల పగ చల్లారుతుందనుకున్నాను."

"గుట్టుగా చేస్తే ఎలా చల్లారుతుందయ్యా?" ఆయన మళ్లీ కొట్టాడు. "ఏ పెళ్లికైనా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతావుగా? అభ్యంతరం ఉంటే చెప్పమంటావుగా? దీనికెందుకు చదవలేదు?"

"మీరు వాళ్లని చంపేస్తారని."

"కాళ్లు విరగ్గొడతానని చర్చి అదిరిపోయేలా అరిచేవాణ్ణి. అరిచి అరిచి అలిసిపోయేవాణ్ణి." ఆయన ఫాదర్ గొంతు వదిలేశాడు. "నిన్న నడివీధిలో ఆ కుర్రాణ్ణి పొడిచేటప్పుడు, వాడు తన బావ అని నా కొడుక్కి తెలీదు. అక్క వెంటపడే పోకిరీ అనుకున్నాడు. ఆ కబురు విని పిల్ల ఎలకల మందు తాగేసింది."

పిల్లల ప్రాణాల కోసమేనని ఫాదర్ ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాడు గానీ, తను జడిసింది ఈ మనిషి అరుపులకే.

ఆయన రిజిస్టరు ఫాదర్ చేతుల్లో కుక్కి, రెట్ట పట్టుకుని చర్చిలోకి ఈడ్చుకెళ్లాడు. రెండు శవపేటికలకి అటొక కుటుంబం, ఇటొక కుటుంబం నిలబడి ఉన్నాయి.

"చదువు."

ఫాదర్ రెండు పేర్లూ చదివి, "ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి" అన్నాడు.

ఎవరూ కిక్కురుమనలేదు.

"ఇంకా రెండుసార్లుంది," అన్నాడు పిల్ల తండ్రి. "చదువు."