తలుపు వైపు చూసే మనిషి

తొమ్మిదోసారి కూడా డైరెక్టరు పెదవి విరిచాడు.

అదొక టీవీ సీరియల్. కథలో లైబ్రరీలో పనిచేసే ఓ పిల్ల ఉంటుంది, గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడే రకం. తట్టుకోలేని కష్టం వచ్చినప్పుడల్లా ఆ పిల్లలోంచి ఇంకో మనిషి బయటికొస్తుంది. ఆ కాసేపూ ఏం జరిగిందో తర్వాత పిల్లకేమీ గుర్తుండదు.

ఆ ఇంకో మనిషిని సెట్లో అందరూ ‘రెండోది’ అనేవాళ్ళు.

ఇద్దరి వేషమూ వేస్తున్న నటికి పిల్ల వేషం నల్లేరు మీద నడకే. రెండోది మాత్రం కొరుకుడుపడలేదు. జుట్టు విరబోసింది, కళ్ళు తిప్పింది, గొంతు బొంగురు చేసింది.

“దయ్యం పట్టినట్టుందమ్మా, మనిషి వచ్చినట్టు లేదు,” అన్నాడు డైరెక్టరు. భోజనాలయ్యాక ఇంకొక్క అవకాశమనీ, అదీ కుదరకపోతే రేపు వేరే అమ్మాయి వస్తుందనీ చెప్పి వెళ్ళిపోయాడు.

నాలుగేళ్ళు హీరోయిన్ల వెనకాల నిలబడి నిలబడి కాళ్ళు పీకాక దొరికిన వేషం. కన్నీళ్ళు ఎవరికంటా పడకూడదని నటి బట్టలగదిలో దూరింది.

అక్కడ ఇస్త్రీ ఆవిడ ఉంది. నలభై ఏళ్ళ మనిషి. రోజూ కిటికీ దగ్గర, తలుపుకి వీపు పెట్టి, కూనిరాగం తీస్తూ పని చేసుకునేది. ఎవరు పలకరించినా “చెప్పండి మేడమ్” తప్ప ఇంకో మాట ఉండేది కాదు.

ఆ వేళ బల్ల గోడవారకి జరిపి ఉంది. ఆవిడ గోడకి ఆనుకుని, తలుపు వైపే చూస్తూ, ఎడం చేత్తో ఇస్త్రీ చేస్తోంది. రాగం లేదు.

పొద్దున్నే ఏదో చొక్కా కాలిందని మేనేజరు అందరి ముందూ ఆవిణ్ణి కడిగేశాడు. ఆ కోపంలో ఉందేమోలే అనుకుంది నటి.

“ఎందుకేడుస్తున్నావ్?”

ఆవిడ తనని ‘నువ్వు’ అనడం నటికి వింతగానే తోచింది. అయినా అడిగిన పాపానికి తన గోడు వెళ్ళబోసుకుంది.

ఆవిడ చొక్కా కాలరు తిప్పి వేసింది. “అది ఎందుకొస్తుందనుకుంటున్నావ్?”

“భయపెట్టడానికి.”

“కాదు, కాపలాకి. కాపలా కాసేవాళ్ళు జుట్టు విరబోసుకుంటారా? ముడేసుకుంటారు. గోడకి వీపు ఆనించి, తలుపెక్కడుందో చూసుకుంటారు. తర్వాత, పిల్ల పొద్దుట్నుంచి ఏమన్నా తిందా లేదా అని చూస్తారు. అది ఆ ఒళ్ళు తనదనుకోదు. తిరిగి అప్పజెప్పాల్సిన ఒళ్ళనుకుంటుంది.”

“నీకెలా తెలుసక్కా?”

“ముందు వెళ్ళి అన్నం తిను,” అంది ఆవిడ, తలుపు మీంచి చూపు తిప్పకుండా.

మధ్యాహ్నం నటి జుట్టు ముడేసుకుంది. గోడకి ఆనుకుంది. తలుపు చూసుకుంది. గ్లాసెడు నీళ్ళు తీసుకుని, పసిపిల్లకి పట్టినట్టు, తనకి తనే మెల్లగా పట్టుకుంది.

డైరెక్టరు ఆపమనడం మర్చిపోయాడు.

సీరియల్ టీవీలో మొదలయ్యాక నటికి క్షణం తీరిక లేదు. వీధిలో ముసలమ్మలు ఆపి, రెండోది మళ్ళీ ఎప్పుడొస్తుందమ్మా అని ముద్దుగా అడిగేవాళ్ళు. ఒకసారి బట్టలగది గుమ్మంలోంచి తొంగిచూస్తే, ఇస్త్రీ ఆవిడ మళ్ళీ కిటికీ దగ్గరే ఉంది, “చెప్పండి మేడమ్” అంటూ. గొప్పలు చెప్పుకునే మనిషి కాదులే, తీరిగ్గా కూర్చుని మాట్లాడదాం అనుకుంది.

ఆ తీరిక ఎనిమిది నెలలకి, సీరియల్ అయిపోయిన రోజున చిక్కింది.

“అక్కా, ఆ రోజు నువ్వు చెప్పకపోతే నేనెక్కడుండేదాన్నో.”

ఇస్త్రీ ఆవిడ కంగారుపడింది. “మీరెవర్ని చూసి ఎవరనుకుంటున్నారో మేడమ్. మీతో నేనెప్పుడు మాట్లాడాను?”

“చొక్కా కాలిన రోజు. గోడ దగ్గర నుంచుని, జుట్టు ముడేసుకోమన్నావు కదక్కా.”

ఆవిడ చేతిలోని ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది. ఆ రోజు పెట్టె ఏ చేత్తో పట్టుకున్నానని అడిగింది.

“ఎడం చేత్తో.”

ఆవిడ తన కుడిచేతి వంక చూసుకుంటూ స్టూలు మీద కూలబడింది.

“డాక్టరమ్మ దగ్గర రెండేళ్ళు కూర్చున్నాక, నాలోంచి ఆ ఇంకో మనిషి రావడం మానేసి ఆర్నెల్లయింది మేడమ్,” అంది మెల్లగా. “ఆవిణ్ణి మా ఇంట్లో అందరూ చూశారు, నేనొక్కదాన్నే చూడలేదు, ఎలా ఉండేదో ఒక్కసారి చేసి చూపిస్తారా?”