ఏ కంప్యూటర్‌లో పెట్టినా

ప్రసన్నకుమార్ యానాంలో తాగి వస్తున్నాడంటే వీధి మలుపులోనే తెలిసిపోతుంది. బండి హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. ఆ మోత వినపడగానే సాయిదుర్గ హాల్లో ట్యూబ్‌లైట్లు రెండూ వేసింది. అడ్డంగా ఉన్న దండెం మీది చీరలు తీసేసింది. కూతురు సుప్రియని మధ్యాహ్నమే తన పుట్టింటికి పంపేసింది. రేపు పొద్దున్నే తనూ పిల్ల దగ్గరికి వెళ్లిపోవాలి. నా కాళ్ల మీద నేను నడిచి వెళ్లగలిగితే చాలు, ఇంకేం అక్కర్లేదు దేవుడా అనుకుంది.

ప్రసన్నకుమార్ పెళ్లి వీడియోలు తీస్తాడు. చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో మంచి పేరు. ఇంట్లో హాలే అతని స్టూడియో.

తాగొచ్చిన మొగుడికి ఎవరైనా ఇంత అన్నం పెట్టి తప్పుకుంటారు. సాయిదుర్గ కొత్త హార్డ్ డిస్క్ పట్టుకుని ఎదురెళ్లింది.

"ఏమండీ, దీన్ని ఏ ఫార్మాట్‌లో పెడితే మన యాపిల్‌లోనూ, బయటి విండోస్ కంప్యూటర్లలోనూ కూడా తెరుచుకుంటుంది?"

పని గురించి అడిగితే అతనికి ఎంత మత్తైనా దిగుతుంది. కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎక్స్‌ఫ్యాట్. ఎన్టీఎఫ్ఎస్ పెట్టావనుకో, మన యాపిల్‌లో చూడొచ్చు గానీ అందులోకి ఏదీ ఎక్కించలేవు. పాత ఫ్యాట్ అయితే నాలుగు జీబీ దాటిన ఫైలు పట్టదు. యాపిల్ ఫార్మాట్ పెడితే విండోస్ దాన్ని చదవలేదు, ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. తెలీని వెధవ సరేనంటాడు, అంతా తుడిచిపెట్టుకుపోతుంది. అర్థమైందా?"

"అయిందండీ."

అక్కడితో ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు.

"ఇంత తెలిసినవారు అమ్మిరాజు గారి అమ్మాయి పెళ్లి డిస్క్ ఎందుకు పాడు చేశారండీ? ద్రాక్షారామంలో ఆడాళ్లంతా నవ్వుకుంటున్నారు."

చెంప ఛెళ్లుమంది.

"ఎవరే నవ్వింది?"

"ఎవరు నవ్వలేదో అడగండి. తాగి తీస్తే వీడియోలు అలాగే ఉంటాయంటున్నారు."

జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి కంట్లోకి రక్తం కారింది. కింద పడితే డొక్కలో తన్నాడు. ఊపిరి అందక సాయిదుర్గ ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి కొట్టుకుంది.

కాళ్లు పట్టుకుని పడగ్గదిలోకి ఈడ్చుకుపోబోయాడు. ఆమె గడప పట్టుకుని విదిలించుకుంది. దేక్కుంటూ మళ్లీ హాల్లోకే వచ్చింది. పెరటి తలుపు తీసే ఉంది. అటు పోలేదు.

ప్రహరీ అవతల నుంచి పక్కింటి రత్నమాణిక్యం గొంతు చించుకుంది.

"ఒరే ప్రసన్నా, చచ్చిపోతుందిరా! నువ్వయినా నోరు మూసుకోవే సాయిదుర్గా, కొరివితో తల గోక్కుంటావేంటే తల్లీ!"

"నేనేం తప్పన్నాను పిన్నిగారూ? ఉన్నమాటే అన్నాను!" అని ఇక్కడి నుంచి అరిచింది సాయిదుర్గ.

అతను బెల్టు తీశాడు. అడ్డం పెట్టిన చేతి మీద బకిల్ పడి వేలు పుటుక్కుమంది. ఆమె పెట్టిన కేకకి వీధిలో కుక్కలు మొరిగాయి.

"చంపేస్తానే! నీకూ నీ కూతురికీ ఒకే గొయ్యి తీస్తాను!"

కూతురి మాటెత్తేసరికి ఆమె తలెత్తింది.

"ఏమన్నారు? వినపడలేదండీ."

ఎంత పొగరు! అతను గట్టిగా, మాట మాటా విడదీసి మళ్లీ అన్నాడు. అని, మళ్లీ బెల్టు ఝళిపించాడు.

చివరికి చెయ్యి నొప్పెట్టి అతనే ఆగాడు. చొక్కా మీద రక్తం చూసుకుని బూతులు తిట్టాడు. బండి తీసి మళ్లీ యానాం వైపే పోయాడు.

సాయిదుర్గ గోడ పట్టుకుని లేచింది. కాళ్లు నిలబడ్డాయి. ఆ ఒక్క సంగతికే ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. తనివితీరా ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చి, కొత్త డిస్క్‌ని యాపిల్‌కి తగిలించి, మొగుడు చెప్పినట్టే ఎక్స్‌ఫ్యాట్ చేసింది.

పోయిన నెల దెబ్బల వీడియో పోలీస్ స్టేషన్ కంప్యూటర్‌లో తెరుచుకోక, అక్కడివాళ్ల చేతిలోనే చెరిగిపోయింది కాబట్టి, ఈ సాయంత్రం సాయిదుర్గ కెమెరా పెట్టి మరీ మళ్లీ కొట్టించుకుంది.