జాలి ఓట్లు

“నమ్మినందుకు నా గొంతు కోశావు కదా బావా!”

గుమ్మంలోనే నిలబడి అరిచాడు బావమరిది. చేతిలో ఆరోజు పేపరు నలిగి ఉండలా ఉంది. పళ్ళు తోముకుంటున్న విలేకరి నోట్లో నురగతోనే బయటికొచ్చాడు.

“ముందు కూర్చోరా.”

“కూర్చోడానికి కుర్చీ ఎక్కడ మిగిల్చావు? పొద్దున్నే పిలిచి, ఇక రావద్దన్నారు మా సార్. ‘మా బావ పుస్తకం రాసుకుంటాడు సార్, ఓట్లయ్యేదాకా ఒక్క అక్షరం బయటపెట్టడు’ అని నా పూచీ మీద నిన్ను ప్రచారం బండెక్కించాను. పోలింగ్ ఇంకా మూడు రోజులుండగానే మొదటి పేజీలో అచ్చేశావు!”

విలేకరి తల దించుకున్నాడు. ఎన్నో ఎన్నికల లోగుట్టులు రాసినవాడే. ఇంత పెద్ద సంగతి చెవిన పడటం మాత్రం ఇదే మొదలు. నాలుగు రోజుల కిందట, ఒక సభ నుంచి ఇంకో సభకు పోతూ, ముందు సీట్లో ఉన్న అభ్యర్థి, అదే బావమరిది ‘సార్’, ఫోనులో గొంతు తగ్గించి అన్నాడు: “గుండె ఆపరేషన్ సంగతి ఓట్లయ్యాక చూద్దాం డాక్టరుగారూ. ఎవరికీ చెప్పకండి. జాలి ఓట్లు నాకొద్దు.”

ఇలాంటి మనిషి గురించి జనానికి తెలియొద్దా అనుకున్నాడు విలేకరి. అబద్ధమెందుకు, మొదటి పేజీలో తన పేరు కూడా కళ్ళముందు ఆడింది. మూడు రోజులు ఉగ్గబట్టుకున్నాడు. ఆపైన వల్ల కాలేదు.

“ఆయనకు మంచే జరుగుతుంది, చూస్తూండు” అన్నాడు నోరు తుడుచుకుంటూ.

“మరి నాకో?”

బావమరిది పేపరు అతని కాళ్ళ దగ్గర విసిరేసి వెళ్ళిపోయాడు.

“వాడు ఎవరి దగ్గరా చెయ్యి చాచి ఎరగడండీ. మీకోసం చాచాడు” అంది భార్య. ఆ తర్వాత కంచం పెట్టడం, తీయడం తప్ప ఆవిడ నోట మాట లేదు. బావమరిది మళ్ళీ ఆ గడప తొక్కలేదు, ఫోనెత్తలేదు.

అభ్యర్థి గెలిచాడు. అవతలివాళ్ళు నోరెళ్ళబెట్టేంత మెజారిటీతో గెలిచాడు. బస్సులో, మంగలి షాపులో, ఎక్కడ విన్నా ఒకటే మాట: “పాపం, గుండె చేత్తో పట్టుకుని తిరిగాడయ్యా మహానుభావుడు!” ఆ మాట వినబడ్డప్పుడల్లా విలేకరికి బావమరిది ముఖమే గుర్తొచ్చేది.

ఆఖరికి ఒకరోజు పొద్దున్నే పార్టీ ఆఫీసుకు బయల్దేరాడు. కాళ్ళావేళ్ళా పడైనా సరే, ఆ ఉద్యోగం తిరిగి ఇప్పించాలి. ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు ముందు ఇసకేస్తే రాలనంత జనం. మెట్లెక్కడం మొదలుపెడితే మూడో అంతస్తుకే ఆయాసం వచ్చి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాడు. వెనకనుంచి ఎవరో రెండేసి మెట్లు దాటుకుంటూ వచ్చి భుజం చరిచారు.

గెలిచినాయనే.

“నీ గురించే అనుకుంటున్నానయ్యా! రా, రా!”

విలేకరి రెండు చేతులూ జోడించాడు. “మాట తప్పాను సార్. శిక్షేదో నాకు వెయ్యండి. పాపం మావాడేం చేశాడు? నా మూలాన వాడి ఉద్యోగం పోతే, ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నాను.”

“ఉద్యోగం పోవడమేమిటి? అతను లోపలే ఉన్నాడు. నిన్ననే నా ముఖ్య సలహాదారుణ్ణి చేశాను.” ఆయన ఆగి, విలేకరి ముఖంలోకి వింతగా చూశాడు. “అదేమిటి, నీకు తెలిసే రాశావనుకున్నానే!”

“ఏం తెలిసి సార్?”

ఆయన పగలబడి నవ్వాడు. “నాకు గుండెజబ్బూ లేదు, ఫోనులో డాక్టరూ లేడు. అంతా మీవాడి బుర్రేనయ్యా! ‘మా బావ నోట్లో నువ్వుగింజ నానదు సార్. ఎవరికీ చెప్పొద్దని ఆయన వినేట్టు ఒక్కసారి అనండి, చాలు’ అన్నాడు.”